బుద్ దాజో ఛాయాచిత్రం: దాని కాలం, అందులోని మనుషులు

ఫిలిప్పీన్స్ ముస్లింల చరిత్రను చదివేవారికి ఒక ఛాయాచిత్రం తరచుగా ఎదురవుతుంది. కొండమీద ఒక కందకం. అందులో ఒకరిమీద ఒకరుగా పడివున్న మృతదేహాలు. వెనుక టోపీలు ధరించిన అమెరికన్ సైనికులు నిలబడి కెమెరావైపు చూస్తున్నారు. మృతులలో ఒక స్త్రీ ఉన్నదని స్పష్టంగా తెలుస్తుంది. ఈ చిత్రం క్రింద ఒకచోట 1899-1902 నాటి ఫిలిప్పీన్-అమెరికన్ యుద్ధమని, మరొకచోట 1913 నాటి బుద్ బగ్సాక్ పోరాటమని వ్రాసి ఉంటుంది. నిజానికి ఇది 1906 మార్చిలో, సులూ దీవులలోని జోలో ద్వీపంలో, బుద్ దాజో అనే కొండపైన తీసినది. తౌసుగ్ భాషలో ‘బుద్’ అంటే కొండ.

1913 వాదాన్ని త్రోసిపుచ్చడానికి ఒక్క ఉత్తరం చాలు. నీగ్రోజాతి హక్కులకోసం పోరాడిన పండితుడు డబ్ల్యు.ఇ.బి. డుబాయ్ 1907లో అట్లాంటాలో అధ్యాపకుడు. సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘ నాయకుడైన మూర్‌ఫీల్డ్ స్టోరీకి ఆయన ఆ సంవత్సరమే ఈ చిత్రాన్ని గురించి వ్రాశాడు. దాన్ని పెద్దది చేయించి తన తరగతి గదిలో తగిలించాలని ఆయన కోరిక. 1907లో చేతులు మారుతున్న చిత్రం 1913 నాటిది ఎలా అవుతుంది? అదీగాక బుద్ బగ్సాక్‌లో పెర్షింగ్ క్రింద పోరాడినవారిలో అధికభాగం స్థానికులైన స్కౌట్ దళాలు. ఈ చిత్రంలో గుంపుగా నిలబడినవారు అమెరికన్లు.

1899-1902 మాట కూడా నిలవదు. 1899 ఆగస్టు 20న సులూ సుల్తాన్ రెండవ జమాలుల్ కిరామ్‌తో అమెరికన్లు బేట్స్ ఒప్పందం చేసుకున్నారు. ఉత్తరాన జరుగుతున్న యుద్ధంలో సులూ ముస్లింలు కలవకుండా చూడడమే దాని ఉద్దేశం. పని తీరిన తరువాత 1904లో ఒప్పందాన్ని తామే రద్దు చేశారు. తరువాత తలపన్ను వచ్చింది. దానిని చెల్లించ నిరాకరించిన కుటుంబాలు, స్త్రీలతో పిల్లలతో సహా, అగ్నిపర్వతమైన బుద్ దాజో శిఖరానికి చేరాయి. కనుక తేదీ మారితే అర్థమే మారిపోతుంది. 1902కు ముందు అంటే వీరు ఒక సైన్యంలోని సిపాయిలవుతారు. 1906 అంటే, తన పాలనలో ఉన్న ప్రజలనే ఒక ప్రభుత్వం చంపిందని అర్థం.

నిలబడినవారెవరు? మోరో రాష్ట్ర గవర్నర్ లియోనార్డ్ వుడ్ ఆజ్ఞపై కర్నల్ డంకన్ నడిపించిన సైన్యంలోనివారు. 6వ పదాతిదళం, 4వ ఆశ్వికదళం మొదలైనవి అందులో ఉన్నాయి. కాల్పులు మార్చి 8 నాటికి ముగిశాయి. గాయపడిన తమ అధికారుల పేర్లు పత్రికలకెక్కాయి. కొండమీద మరణించినవారు మాత్రం వుడ్ తంతివార్తలో సుమారు 600 అనే ఒక సంఖ్య. వేయిమంది వరకు ఉంటారని తరువాతి అంచనాలు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వుడ్‌ను అభినందించాడు. మార్క్ ట్వేన్ ఆ మార్చిలోనే దీనిని తీవ్రంగా ఎత్తిపొడిచాడు గాని, ఆ వ్రాత ఆయన బ్రతికుండగా అచ్చుకాలేదు.

స్త్రీలు పురుషుల దుస్తులలో పోరాడారని, పురుషులు పిల్లలను అడ్డుపెట్టుకున్నారని వుడ్ సమాధానం చెప్పుకున్నాడు. ఇన్ని కుటుంబాలు తలదాచుకున్న కొండపైకి ఫిరంగులు ఎందుకు పేల్చవలసివచ్చిందో ఆ సమాధానంలో లేదు.

అనువాదకునిగా మరొక మాట. ‘మోరో’ అనేది స్పెయిన్‌వారు అందులూసియా ముస్లింలకు పెట్టిన పేరు. దానినే వేల మైళ్ల దూరంలోని ఈ దీవులకు మోసుకొచ్చారు. చావుకు తెగించి పోరాడేవారిని ‘హురమెంతాదో’ అన్నారు. స్పానిష్‌లో ఆ మాటకు ఒట్టు పెట్టుకున్నవాడని అర్థం. అమెరికన్లు దానిని పిచ్చివాడనే భావంతో వాడుకున్నారు. తౌసుగ్‌ల సొంతమాట ‘పరంగ్ సబీల్’. ఇందులో సబీల్ అనే మాటను మన పాఠకులకు వివరించనవసరం లేదు. చిత్రంలోని మృతులు తౌసుగ్ ముస్లింలు. వారిని ఆ పేరుతోనే పిలవాలి.

హిజ్రీ లెక్కప్రకారం ఆ మార్చి 6వ తేదీ, ఒక రోజు అటూ ఇటూగా, 1324 ముహర్రమ్ 10. అంటే ఆషూరా. ఈ సంగతిని శీర్షికలలో చూపినవారు నాకు కనిపించలేదు.

2016లో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు దుతెర్తె వియంత్యాన్‌లో జరిగిన తూర్పు ఆసియా శిఖరాగ్ర సమావేశంలో బుద్ దాజో మృతుల చిత్రాన్ని చూపాడు. 2024లో కిమ్ వాగ్నర్ ఈ సంఘటనపై ఒక గ్రంథమే వెలువరించాడు. చిత్రం ఇకముందు ఇంకా ఎక్కువగా అచ్చవుతుంది. మృతురాలి దేహం దాదాపు వివస్త్రంగా ఉన్నది. మయ్యిత్‌కు కూడా సతర్ ఉన్నదని ఎరిగిన మనం ఆ భాగాన్ని కప్పి ముద్రించాలని నా అభిప్రాయం. సాక్ష్యానికి దానివల్ల లోటు రాదు. క్రింద వ్రాయవలసినది ఇంతే: “బుద్ దాజో, జోలో ద్వీపం, 1906 మార్చి, ముహర్రమ్ 1324. కందకంలో తౌసుగ్ ముస్లిం స్త్రీపురుషులు. గట్టున అమెరికన్ సైనికులు.”