వంటిల్లూ, ఇన్‌లాండ్ లెటరూ

ఇంటివంట పోయింది, ఉత్తరం పోయింది. ఈ రెండు ఫిర్యాదులూ మనకి జంటగానే వినిపిస్తుంటాయి. తీరిక లేదు, యంత్రాలొచ్చాయి అని రెండిటికీ ఒకటే కారణం చెప్తారు. నా అభ్యంతరం రెండిటినీ ఒకే గాటన కట్టడం మీదే.

ఈ రెండూ కలిసిన చోటు ఒకటుంది: మాలతీ చందూర్. 1950ల్లో ఆంధ్రప్రభ వారపత్రికలో మొదలైన ఆవిడ 'ప్రమదావనం' శీర్షిక దశాబ్దాల పాటు నడిచింది. పాఠకులు ఉత్తరాలు రాసేవాళ్లు, ఆవిడ జవాబులిచ్చేవారు. ఆవిడే రాసిన 'వంటలు-పిండివంటలు' మళ్లీమళ్లీ అచ్చయింది. పక్కన నిలబడి చెప్పే అమ్మో అత్తగారో ఉంటే వంటకి పుస్తకం ఎందుకు? ఉద్యోగాల కోసం ఊళ్లు వదిలిన కాపురాలకి అది అవసరమైంది. అంటే, మనం ఇప్పుడు 'అమ్మమ్మల కాలం' అని మురిసిపోతున్న రోజుల్లోనే వంట చేతినుంచి అచ్చులోకి మారడం మొదలైంది. తర్వాత మిక్సీ, ప్రెషర్ కుక్కర్, కర్రీ పాయింట్, ఇప్పుడు స్విగ్గీ.

అయినా వంటిల్లు ఎక్కడికీ పోలేదు. 2019లో కేంద్రప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. చేసే కొద్దిమంది మగవాళ్లు పెడుతున్నది 97. ఇందులో వంటొక్కటే కాదు, మిగతా చాకిరీ కూడా ఉంది. కానీ ఐదు గంటలంటే 'అంతరించిన కళ' లెక్క కాదు కదా! కర్రీ పాయింట్ నుంచి పప్పు తెచ్చుకున్న రోజున ఆ ఇంట్లో ఒక మనిషికి ఓ గంట మిగిలింది. దానికి నేను బాధపడలేను.

ఉత్తరం కథ వేరు. ఇన్‌లాండ్ లెటర్ 1950లో వచ్చింది. చోటు తక్కువే, అయినా మనవాళ్లు మడతల మీదా, అంచుల్లో అడ్డంగానూ రాసేవాళ్లు. ఎస్టీడీ బూత్ వచ్చాక సగం మాటలు ఫోన్లోకి వెళ్లాయి. మిగిలిన సగాన్ని ఎస్సెమ్మెస్ మింగింది. ఇంగ్లీషులో అయితే ఒక మెసేజీకి 160 అక్షరాలు. తెలుగులో యూనికోడ్ కాబట్టి 70. అవి కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. వత్తు, పొల్లు, గుడి దేనికది లెక్కే. 'లక్ష్మి' అన్న రెండక్షరాల పేరుకి ఏడు పోతాయి! పైగా అప్పటి చాలా ఫోన్లలో తెలుగు కనిపించేదే కాదు. అలా ఒక తరం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, పొడిపొడిగా రాయడానికి అలవాటుపడింది. ఇప్పుడు కీబోర్డులున్నాయి, హద్దుల్లేవు, అలవాటు మాత్రం తిరిగి రాలేదు.

దీనివల్ల ఎవరికి ఏం పోయింది? పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. వంటకి సంతకం ఉండదు. ఉత్తరం చివర మాత్రం పేరు రాసి తీరాలి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అక్కకో, స్నేహితురాలికో రాసుకునే ఆ అరగంటలోనే చాలామంది ఆడవాళ్లు 'నేను' అనే మాట వాడారు. వంట వాళ్ల మీద పడ్డ పని. ఉత్తరం వాళ్లు ఎంచుకున్నది. మనం పోయిందని ఏడుస్తున్నది మొదటిది. నిజంగా పోయింది రెండోది.

చలం, సంజీవదేవ్ ఉత్తరాలు పుస్తకాలుగా వచ్చాయి. మన ఇళ్లల్లోని ఉత్తరాలు తీగకి గుచ్చి కొన్నాళ్లుండి, ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లిపోయాయి. అమ్మమ్మ ఆవకాయ కొలతలు దాచుకున్న ఇళ్లు నేను చాలా చూశాను. ఆవిడ ఉత్తరాలు దాచుకున్న ఇళ్లు తక్కువ. అటక మీద ఇంకా ఏవైనా మిగిలుంటే, ఈ సంక్రాంతి సెలవుల్లో ముందు వాటిని దించి చదవండి.