యోగసాధన నుంచి ప్రార్థనకు: ఒంగోలు సీమ తొలితరం క్రైస్తవులు

దేవుని రాజ్యం ఎప్పుడు వస్తుందని పరిసయ్యులు అడిగితే, అది ఇక్కడుంది అక్కడుంది అని వేలు పెట్టి చూపేది కాదని యేసు చెప్పిన సంగతి లూకా సువార్త 17వ అధ్యాయంలో ఉంది. ఒంగోలు సీమ తొలితరం క్రైస్తవుల్లో అలాంటి రాజ్యం కోసం ఎన్నో ఏళ్లుగా తమలో తాము వెతుక్కుంటున్నవారు ఉన్నారు. వారంతా తోలు ఊని, చెప్పులు కుట్టి, మోట బానలు చేసి బతికే మాదిగలు. వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు యర్రగుంట్ల పేరయ్యది. ఆయన ఊరు తాళ్లకొండపాడు.

పేరయ్య క్రైస్తవుడు కాకముందే యోగసాధకుడు. గుడి గడప తొక్కనివ్వని కాలంలో, బడి మాటే లేని పల్లెల్లో, గురుపరంపరలు మాత్రం మాదిగలకు తలుపు తెరిచాయి. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో కక్కయ్య అనే మాదిగ ఉన్నాడని, దేహంలోనే దేవతలుంటారన్న గురువు మాట విని భార్య శరీరం చీల్చి వెతికాడని, గురువు ఆమెను తిరిగి బతికించాడని కథ ఉంది. దేవుడు లోపలే ఉన్నాడన్న మాట ఆ వాడల్లోకి ఎంత లోతుగా దిగిందో చెప్పడానికి ఈ ఒక్క కథ చాలు. పేరయ్యకు రాజయోగం ఉపదేశించిన గురువు బండికట్ల వీరమ్మ అనే స్త్రీ. కళ్లు మూసి, శ్వాసను అదుపు చేసి, రూపం లేని ఒక్కడినే ధ్యానించడం ఆ మార్గం. విగ్రహాల మీద, గ్రామదేవతల జాతర మీద నమ్మకం అప్పటికే సడలింది. మిషనరీలు వచ్చి చీకట్లో దీపం పెట్టారని రాసేవారు ఈ ముందు కథను పక్కన పెట్టేస్తారు. అది పెద్ద లోపం.

తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు పేరయ్య అక్కడి మిషనరీ బోధ విన్నాడు. తాను వెతుకుతున్న ఒక్క దేవుడు ఈయనే అనిపించింది. ఇంటికి వచ్చి బంధువులకు చెప్పాడు. ఆయన, భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొందారు. అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచి నెల్లూరులో ఉన్నా, వారి మాట విన్నవారు కొద్దిమందే. ఆ మిషన్‌కు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866 సెప్టెంబరులో. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడేనాటికి సభ్యులు ఎనిమిది మంది.

ఆ నెలలోనే పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో గుడారం వేశాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి ముప్పై నలభై మంది ఆడామగా అన్నం మూటలు, పడక బట్టలు తలకెత్తుకుని వచ్చారు. బాప్తిస్మం తర్వాత కట్టుకోవడానికి మారు బట్టలు కూడా తెచ్చుకున్నారు. ఏదో చూసిపోదామని వచ్చినవాళ్లు మారు బట్టలు తెచ్చుకోరు. మనసులో నిర్ణయం ఇంటి దగ్గరే అయిపోయింది. ఐదు రోజుల పాటు బోధ, ప్రార్థన సాగాక 28 మంది బాప్తిస్మం పొందారు.

లోపల జరిగిన మార్పు లోపలే ఆగలేదు. ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అని కొత్త విశ్వాసులు నియమం పెట్టుకున్నారు. పైకి చిన్నవిగా కనిపించే ఈ మూడింటితో ఊరి కట్టుబాటు కదిలిపోయింది. జాతరలో డప్పు కొట్టడం మాదిగల వంతు. అది మానేస్తే ఊరంతా నిలదీసేది. ఆదివారం పిలిచినా వెట్టికి రానంటే కళ్లంలో ఇచ్చే మేర గింజలు ఆగిపోయేవి. దెబ్బలు తిన్నవారున్నారు, దొంగ నేరాల మీద కచేరీకెక్కినవారున్నారు. ఇంత జరిగినా ప్రార్థన మానని మనిషి లోపల ఏదో గట్టి ఆసరా దొరికిందనే అనుకోవాలి. యోగసాధనకు తీరిక కావాలి, గురువు చెంత ఏళ్ల తరబడి శ్రమ కావాలి. ప్రార్థనైతే చెప్పు కుడుతూ చేసుకోవచ్చు, పిల్లను ఊపుతూ చేసుకోవచ్చు. కూలి చేసుకునే ఆడవారికి అది పెద్ద తేడా.

తర్వాతి ఘట్టం అందరికీ తెలిసిందే. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇదంతా కరువు తెచ్చిందని తేల్చేవారున్నారు. కరువు జనాన్ని ఒకచోట చేర్చిన మాట నిజమే. కానీ చింతతోపు సభ దానికి దాదాపు పదేళ్ల ముందటిది.

ఈ పాతతరం బోధకుల నోటి మాటలను క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ సేకరించి 1899లో ‘వైల్ స్యూయింగ్ శాండల్స్’ అన్న పుస్తకంగా తెచ్చింది. పేరయ్య, వీరమ్మల సంగతులు మనకు దక్కింది చాలావరకు దానివల్లే. తెలుగు క్రైస్తవుల చరిత్ర రాయబోయేవారు గుండ్లకమ్మ లెక్కల కంటే ముందు ఆ పుస్తకం చదవాలి.