రివాల్వర్ సైట్‌లో రంధ్రం: మసక చూపుకు వెతికిన దారి

రివాల్వర్‌తో గురి చూసే కంటికి ఒకేసారి మూడు దూరాలతో పని పడుతుంది. చేయి చాచి పట్టుకుంటే వెనక సైట్‌లోని గాడి కంటికి సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ముందు సైట్ 75 సెంటీమీటర్ల దగ్గర, లక్ష్యం పాతిక మీటర్ల అవతల. ఈ మూడూ ఒకే క్షణంలో స్పష్టంగా కనిపించడం ఏ కంటికీ సాధ్యం కాదు. వయసులో ఉన్న కన్ను ముందు సైట్ మీద చూపు నిలిపి, మిగతా రెంటినీ కాస్త మసకగా వదిలేస్తుంది. గురికి అది చాలు. నలభై దాటి చత్వారం ముదిరేకొద్దీ ఆ ముందు సైటే చెదురుతుంది. దూరపు చూపు అద్దాలు పెడితే లక్ష్యం తేటపడి సైట్ మసకబారుతుంది. చదువుకునే అద్దాలు పెడితే రెండూ చెడతాయి, ఎందుకంటే ఆ అద్దాలు పుస్తకం దూరానికి చేసినవి. ఈ ఇబ్బందికి చాలా కాలం దొరికిన జవాబు అద్దం కాదు, చిన్న రంధ్రం.

సన్నని రంధ్రంలోంచి చూస్తే మసక తగ్గుతుందన్న సంగతి తుపాకులకు సంబంధం లేకుండానే తెలిసింది. క్రిస్టఫ్ షైనర్ 1619లో వెలువరించిన కంటి శాస్త్ర గ్రంథంలో, అట్టకు సూది బెజ్జాలు పొడిచి చూసే ప్రయోగాలతో కన్ను దూరాన్ని బట్టి తనను తాను సవరించుకుంటుందని చూపించాడు. ఆ సవరింపు శక్తి వయసుతో ఎలా తరిగిపోతుందో డచ్ వైద్యుడు డాండర్స్ 1864లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. కంటి వైద్యులు ఈనాటికీ బెజ్జాల పలకను కంటి ముందు పెట్టి, లోపం అద్దాలతో తీరేదా కాదా అని తేల్చుకుంటారు.

తుపాకుల్లో ఈ సూత్రం ముందుగా స్థిరపడింది రైఫిల్‌లోనే. 1874లో న్యూయార్క్ దగ్గరి క్రీడ్‌మూర్ మైదానంలో ఐరిష్, అమెరికన్ జట్లు వెయ్యి గజాల దాకా పోటీ పడినప్పుడు, కంటికి దగ్గరగా బిగించిన రంధ్రపు సైట్లు గురిపందేల్లో మామూలు సామగ్రి. 1879లో కనెక్టికట్‌కు చెందిన విలియం లైమన్ పేటెంట్ పొందిన సైట్ వాటిని వేటగాళ్లకూ దగ్గర చేసింది. రంధ్రం పెద్దది, అంచు పలచన. చూసేటప్పుడు ఆ అంచు దాదాపు మాయమై, కన్ను దానంతటదే నడిమధ్యకు చేరుతుంది.

అదే కాలంలో రివాల్వర్ సైట్లు ఎంత మొరటుగా ఉండేవో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కోల్ట్ 1851 నేవీ రివాల్వర్‌కు వెనక సైట్ అంటే హ్యామర్ కొసన చెక్కిన గాడి. 1873 సింగిల్ యాక్షన్ ఆర్మీలో అది ఫ్రేమ్ పైభాగాన తీసిన కాలువ. దగ్గరి కాల్పులకు అంతకంటే అక్కర్లేదని తయారీదార్లు భావించారు. గురిపందేలు పెరిగాక, 19వ శతాబ్దం చివర, పాట్రిడ్జ్ పేరుతో చతురస్రపు పలక, చతురస్రపు గాడి వచ్చాయి. అంచులు తేటగా ఉండటంతో బలహీనమైన కళ్లకూ అవి కొంత మేలు చేశాయి.

రివాల్వర్ మీద రంధ్రపు సైట్‌ను శ్రద్ధగా పరీక్షించిన వారిలో మొదట చెప్పవలసిన పేరు మోంటానాకు చెందిన ఎడ్ మెక్‌గివర్న్. 1932లో, అరవైకి చేరువైన వయసులో, ఐదు తూటాలను 0.45 సెకన్లలో కాల్చిన మనిషి ఆయన. స్మిత్ అండ్ వెసన్ 1935లో .357 మాగ్నం తెచ్చాక, రివాల్వర్ గుండు ఎంత దూరం నమ్మకంగా పోతుందో తేల్చే పనిలో పడి, 600 గజాల దాకా ప్రయోగాలు చేశాడు. 1938లో వచ్చిన ఆయన పుస్తకంలో రంధ్రపు సైట్లు బిగించిన రివాల్వర్లకు గౌరవమైన చోటు దక్కింది. మెరుపు వేగానికే ఆయన పేరు నిలిచినా, గురి చూసే పద్ధతిపై ఆయన పెట్టిన ఓపిక అంతకంటే విలువైనది.

అయినా రివాల్వర్ మీద రంధ్రం రైఫిల్ మీద ఉన్నంతగా స్థిరపడలేదు. కారణం అలవాటు కాదు, జ్యామితి. రైఫిల్ సైట్ కంటికి కొద్ది సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి, దాని రంధ్రమే కనుపాపకు బదులుగా పనిచేస్తుంది. అదే 2 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 60 సెంటీమీటర్ల దూరాన పెడితే, పాతిక మీటర్ల లక్ష్యంలో పూర్తి వెలుతురుతో కనిపించేది ఇంచుమించు అరచేతి వెడల్పే. ముందు సైట్ విషయంలో సంగతి ఇంకా విషమం. అది రంధ్రానికి 15 సెంటీమీటర్లే ముందుంది. దాని నుంచి బయల్దేరిన కాంతి రంధ్రం దాటి కంటిని చేరేసరికి 10 మిల్లీమీటర్ల వెడల్పుకు విచ్చుకుంటుంది. కనుపాప అంతకంటే చిన్నది కాబట్టి రంధ్రం వల్ల ముందు సైట్ మసక ఏమాత్రం తగ్గదు. పెద్ద వలయం పెడితే ముందు సైట్‌ను మధ్యకు తెచ్చుకోవడం తేలికవుతుంది గానీ చూపు పదునెక్కదు. చత్వారం వచ్చినవారికి కావలసింది రెండోదే.

అందుకే రంధ్రం ఆయుధాన్ని వదిలి కళ్లద్దాలకు చేరింది. అమెరికాలో మెరిట్ సంస్థ, కెమెరాలోలాగా తెరిచి మూయగల ఐరిస్‌ను అద్దానికి అతికించే చిన్న పరికరంగా అమ్మింది. యూరప్‌లో నోబ్లోక్, చాంపియన్ వంటి గురి కళ్లద్దాలు ఐరిస్‌నూ కటకాన్నీ ఒకే చట్రంలో కూర్చాయి. 4 మిల్లీమీటర్ల కనుపాప ముందు 1.2 మిల్లీమీటర్ల రంధ్రం పెడితే ముందు సైట్ మసక వెడల్పు మూడో వంతుకు తగ్గుతుంది, లక్ష్యానిదీ అంతే. దానికి చెల్లించే మూల్యం వెలుతురు: కంటికి చేరేది పదకొండో వంతే. రంధ్రాన్ని మరీ సన్నం చేస్తే కాంతి వంగి మసక మళ్లీ మొదలవుతుంది. కాబట్టి చాలామంది దూరపు చూపు అద్దానికి +0.50 నుంచి +0.75 డయాప్టర్లు కలిపి, సైట్‌కూ లక్ష్యానికీ మధ్య రాజీ కుదుర్చుకుని, మిగిలిన మసకను ఐరిస్‌కు అప్పగిస్తారు. ఇప్పటిదాకా దొరికిన ఏర్పాట్లలో ఇదే అన్నిటికంటే తెలివైనది.

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనలూ ఈ విభజననే అనుసరిస్తాయి. పిస్టల్ పోటీల్లో ఆయుధం మీద తెరిచిన సైట్లే ఉండాలి, దానికి కటకం బిగించకూడదు. షూటర్ ముఖాన అద్దం, ఐరిస్ ఉండవచ్చు. హైదరాబాద్ షూటర్లలోనే ఈ తేడా కనిపిస్తుంది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు రంధ్రపు సైట్ ఉంటుంది. ఈషా సింగ్ పోటీపడే పిస్టల్‌కు గాడి సైటే.

స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ 1975లో ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ సైట్ తెచ్చాక లెక్క మారింది. ఎర్ర చుక్క దూరంగా ఉన్నట్టే కంటికి అందుతుంది కనుక లక్ష్యం మీదే చూపు ఉంచితే సరిపోతుంది. చత్వారంతో పేచీ లేదు. ఆస్టిగ్మాటిజం (అసమదృష్టి) ఉన్నవారికి మాత్రం ఆ చుక్క గుండ్రంగా కాక తోకలా సాగి కనిపిస్తుంది. అలాంటివారికి తగిన అద్దమో, కంటి ముందు చిన్న రంధ్రమో దాన్ని మళ్లీ గుండ్రం చేస్తాయి. రెటీనా జబ్బులకు మాత్రం రంధ్రం పనికిరాదు. శుక్లం సరిగ్గా కనుపాప నడుమ ముదిరితే, సన్నని రంధ్రం ఆ పొర గుండానే చూపును నడిపించి ఉన్న చూపునూ తగ్గిస్తుంది.