పాత జీపు, కొత్త రంగు

తెలుగు పల్లెల్లో చాలాకాలం జీపంటే సర్కారు. "ఊళ్ళోకి జీపొచ్చింది" అంటే ఆ వచ్చింది బీడీఓ గారో, తాసీల్దారు గారో, పోలీసులో, ఎన్నికల రోజులైతే అభ్యర్థి గారో అయ్యుండేవారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలై దేశమంతా బ్లాకులుగా విడిపోయాక, బ్లాకు ఆఫీసు ముందు వేపచెట్టు కింద ఒక జీపు నిలబడి ఉండడం పరిపాలనకు గుర్తయింది. ఆ జీపు వెనక పరుగెత్తి, దాని దుమ్ము తిని పెద్దవాళ్ళమైన తరం మాది.

సర్కారు జీపుకూ వార్ధక్యం వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని వేలం వేస్తారు. వేలంలో కొన్నవాడు షెడ్డుకు తోలుకుపోతాడు. అక్కడ టింకరింగు చేసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి, లావు టైర్లు తొడిగి మరొకరికి అమ్ముతాడు. ఆ మరొకరు ఇంకొకరికి. ఈ అమ్మకాల పరంపరలో ప్రతి మజిలీలోనూ తలెత్తే ప్రశ్న ఒక్కటే: రంగు కింద ఏముంది? ఈ ప్రశ్నకు ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో ఒక అధ్యాయం మన దేశపు పార్లమెంటు దాకా వెళ్ళింది. ఆ కథలు చెప్పాలనే ఈ వ్యాసం.

మొదట పుట్టుక సంగతి. 1940 జూలైలో అమెరికా సైన్యం ఒక తేలికపాటి నాలుగు చక్రాల చోదక వాహనం కావాలంటూ 135 కంపెనీలకు పిలుపు పంపింది. నమూనాకు ఇచ్చిన గడువు 49 రోజులు. ముందుకు వచ్చినవి రెండే కంపెనీలు, బాంటమ్, విల్లీస్ ఓవర్‌లాండ్. వాటిలో గడువు లోపల బండి తయారుచేసి ఇచ్చింది చిన్న కంపెనీ అయిన బాంటమ్. కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు దాని నక్షా గీశాడు. 1940 సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని హోలాబర్డ్ సైనిక కేంద్రానికి ఆ మొదటి బండి చేరింది. కానీ వేల సంఖ్యలో తయారుచేసే స్తోమత బాంటమ్‌కు లేదని సైన్యం తలచింది. ఆ నక్షాలు విల్లీస్, ఫోర్డ్ కంపెనీల చేతికి వెళ్ళాయి. చివరికి విల్లీస్ నమూనా ప్రమాణమయింది. యుద్ధం ముగిసేనాటికి విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. బాంటమ్ చేసినవి సుమారు 2,700 మాత్రమే.

ఇంతవరకు పరిశ్రమలో జరిగేదే. తరువాతిది నాకు ఆసక్తికరం. యుద్ధం నడుస్తుండగానే విల్లీస్ వారు జీపును సృష్టించినది తామేనని పత్రికల్లో ప్రకటనలు గుప్పించారు. 1943లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీనిమీద ఫిర్యాదు నమోదు చేసింది. అయిదేళ్ళ విచారణ తరువాత, 1948లో, ఆ వాహనపు ఆలోచన సైన్యంతో కలిసి బాంటమ్ రూపొందించినదేననీ, విల్లీస్ వారు దాని అభివృద్ధికి తోడ్పడ్డామని చెప్పుకోవచ్చు గాని సృష్టించామని చెప్పరాదనీ కమిషన్ తీర్పు ఇచ్చింది. తమాషా ఏమిటంటే, 'జీపు' అన్న పేరు మీద హక్కు మాత్రం 1950లో విల్లీస్‌కే దక్కింది. పాపం బాంటమ్ అప్పటికి చితికిపోయింది. పాత జీపు అమ్మేవాడు "అంతా ఒరిజినలేనండీ" అన్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది. ఒరిజినల్ ఎవరిదన్న విషయంలో మొట్టమొదటి అబద్ధం షెడ్డులో పుట్టలేదు, కంపెనీ ప్రకటనలోనే పుట్టింది.

రెండవ కథ మిగులు జీపులది. యుద్ధం అయిపోగానే సైన్యానికి అక్కరలేని బండ్లు కుప్పలు తెప్పలుగా మిగిలాయి. ఫిలిప్పీన్స్ ప్రజలు అమెరికన్లు వదిలివెళ్ళిన జీపులను పొడిగించి, వెనక రెండు బల్లలు వేసి, పైన కప్పు కట్టి, రంగురంగుల బొమ్మలు వేసి ఊరి బస్సులుగా మార్చుకున్నారు. వాటి పేరే జీప్నీ. ఒక దేశం యావత్తూ పాత జీపును మార్చి వాడుకున్న ఉదాహరణ ఇది. అమెరికాలోనేమో గ్రీజు పూసి చెక్కపెట్టెలో పెట్టిన సరికొత్త సైనిక జీపు 50 డాలర్లకే దొరుకుతుందన్న వదంతి దశాబ్దాల పాటు బతికింది. ఎలా కొనాలో చెప్పే చిన్న పుస్తకం పంపుతామంటూ పత్రికల్లో ప్రకటనలు వచ్చేవి. డబ్బు పంపినవాడికి పుస్తకం వచ్చేది, పెట్టెలో జీపు మాత్రం వచ్చేది కాదు. చవక బేరం మీద మనిషికున్న నమ్మకం ఇనుముకన్నా గట్టిది.

ఇక మూడవది మన కథ. 1947-48లో కాశ్మీరు యుద్ధం వేళ భారత సైన్యానికి జీపులు అత్యవసరమయ్యాయి. లండనులో భారత హైకమిషనరుగా ఉన్న వి.కె. కృష్ణమీనన్ 1948లో ఒక విదేశీ సంస్థతో సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందం కుదుర్చుకున్నారు. కొన్నవి కొత్త బండ్లు కావు, బాగుచేసిన పాత జీపులు. మామూలుగా పాటించవలసిన కొనుగోలు పద్ధతులను పక్కన పెట్టారన్నదీ, సరుకు చేతికి రాకముందే సొమ్ములో పెద్ద భాగం చెల్లించారన్నదీ తరువాత వచ్చిన ప్రధాన విమర్శలు. తీరా వచ్చినవి 155 జీపులు. అవి కూడా సైన్యం వాడుకోవడానికి పనికిరావని తేలింది.

స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద కుంభకోణంగా పుస్తకాలకెక్కినది ఈ బేరమే. పార్లమెంటులో దుమారం లేచింది. దీనిమీద విచారణ సంఘానికి నాయకత్వం వహించినవారు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తిరుచానూరులో పుట్టి, తిరుపతి నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికై, తరువాత స్పీకరయిన మన చిత్తూరు జిల్లా పెద్దమనిషి. ఆ సంఘం సూచనను పక్కన పెట్టి, 1955 సెప్టెంబరు 30న హోం మంత్రి గోవింద వల్లభ పంత్ ఈ వ్యవహారం ముగిసిపోయిందని ప్రకటించారు. 1956 ఫిబ్రవరిలో కృష్ణమీనన్ కేంద్ర మంత్రివర్గంలో చేరారు. ఆయన తప్పు చేశారని ఏ న్యాయస్థానమూ చెప్పలేదన్నది కూడా ఇక్కడ చెప్పడం ధర్మం.

రాజకీయం పక్కన పెట్టి దీన్ని కేవలం ఒక సెకండ్ హ్యాండు బేరంగా చూడండి. అవసరం తరుముతోంది. బండి ఎదురుగా లేదు. అమ్మేవాడి మాట తప్ప ఆధారం లేదు. బయానా మాత్రం ముందే ఇచ్చేశారు. మన వీధి చివర మెకానిక్ ఈ నాలుగు సంగతులూ విని ఉంటే "వద్దు బాబూ" అని ఉండేవాడు. దేశానికి అధికారులు, న్యాయసలహాదారులు, ఖజానా అన్నీ ఉన్నాయి. లేనిదల్లా బండి కిందకి దూరి చాసిస్ మీద సుత్తితో కొట్టి చూసే మనిషి.

ఇంతలో స్వదేశంలోనే జీపు తయారీ మొదలయింది. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో ఏర్పడిన కంపెనీ, దేశ విభజన తరువాత భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ పాకిస్తాను తొలి ఆర్థికమంత్రి కావడంతో, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ వారి విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలుపెట్టి, క్రమంగా అనుమతి మీద ఇక్కడే తయారుచేశారు. మనం చూసిన ఎత్తు బానెట్టు జీపు అమెరికాలో 1953లో వచ్చిన సి.జె.3బి నమూనా. కొత్త ఇంజను ఎత్తు ఎక్కువై పాత బానెట్టు కింద పట్టక, బానెట్టునే ఎత్తు చేశారు. అంటే కంపెనీ చేసినదీ ఒక మార్పే! అమెరికాలో ఆ నమూనా 1968లో ఆగిపోయినా మన దేశంలో దాని వంశం ఇంకా చాలా ఏళ్ళు సాగింది.

1973 తరువాత పెట్రోలు ధర మండిపోవడంతో పెట్రోలు జీపులకు డీజిలు ఇంజన్లు ఎక్కించడం ఒక వృత్తిగా మారింది. హర్యానాలో, పంజాబు సరిహద్దు మీది మండీ డబ్వాలీ అనే ఊరు సైన్యపు వేలం జీపులను మార్చి అమ్మడానికి పేరు మోసింది. మన వైపు పాడేరు, అరకు ఘాట్‌లలో సంతకు పోయే జనాన్ని లోపలా, వెనకా, పైనా ఎక్కించుకుని తిరిగిన సర్వీసు జీపులను చూసినవారికి, ఈ బండి ఎన్ని అవతారాలు ఎత్తగలదో వేరే చెప్పనక్కరలేదు.

అవతారాలకు చట్టం హద్దు గీసింది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, 2000లో సవరించిన తరువాత, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని అంటుంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అమ్మేవాడికి అంతకంటే ముఖ్యమైనది 2018 ఫిబ్రవరి తీర్పు. బండి ఎన్ని చేతులు మారినా, రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే యజమాని అని అందులో తేల్చారు. బండి అమ్మి, డబ్బు లెక్కపెట్టుకుని, ఇక నాకేమిటని ఇంటికి పోవడానికి వీల్లేదన్నమాట.

ఇదంతా ఎందుకు చదివానంటే, కొంతకాలం కిందట నా జీపు నేనే అమ్మవలసి వచ్చింది. పెట్రోలు బండిగా పుట్టి, నాకన్నా ముందు యజమాని చేతిలో డీజిలు ఇంజను ఎక్కించుకున్నది. ఆ మార్పు ఆర్.సి.లో నమోదయి ఉంది. నేను బాడీ విప్పించి, తుప్పు పట్టిన నేల రేకులు మార్పించి, కమాను పట్టీలు కొత్తవి వేయించాను. వెనకవైపు చాసిస్ అడ్డపట్టీ ఒకటి బీటలు వారితే వెల్డింగు చేయించి లోపల బలానికి పలక వేయించాను. పైన నల్లరంగు పడ్డాక ఆ అతుకు ఎవరికీ కనిపించదు.

బేరం తెచ్చిన బ్రోకరు అనుభవజ్ఞుడు. "అతుకు సంగతి మీరెత్తకండి సార్. అడిగితే చూద్దాం. చెప్తే యాభై వేలు పోతాయి," అన్నాడు. అతని లెక్క తప్పు కాదు, నిజంగానే పోతాయి. కొనవచ్చిన కుర్రవాడికి పాడేరు పైన కాఫీతోట ఉంది. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, లైట్లూ టైర్లూ చూసి ముచ్చటపడి, చివరికి ఒక్కటే అడిగాడు: "ఘాట్‌లో ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుంటాను సార్, పర్లేదా?"

అడిగినది అతుకు గురించి కాదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు అతుకు దగ్గరే ఉంది. గోనెపట్టా పరిచి, అతన్నీ బండి కిందకి రమ్మని, టార్చి వేసి చూపించాను. ఒక తెల్లకాగితం మీద మూడు వరుసలు రాసి ఇచ్చాను: పుట్టినప్పటివి, బాగుచేసినవి, మార్చినవి. అయస్కాంతం అంటనిచోట పుట్టీ ఉందని ఎలా పట్టుకోవాలో కూడా చూపించాను. బరువెక్కువ ఇంజనుతో దిగేటప్పుడు గేరులోనే దిగమనీ, వర్షాకాలం ముందు ఒకసారి ఆ అతుకు చూపించుకోమనీ చెప్పాను. అతను తన మేస్త్రీని తెచ్చుకుని రెండోరోజు మళ్ళీ చూశాడు. బ్రోకరు అన్నట్టే ధర తగ్గింది. యాభై కాదు, నలభై. పేరు మార్పిడి కాగితాలు ఇద్దరం కలిసి రవాణా ఆఫీసులో ఇచ్చిన తరువాతే తాళం చేతులు మారింది.

నలభై వేలు నాకు చిన్న మొత్తమేమీ కాదు. అయితే ఇంత చరిత్ర చదివిన తరువాత ఒక సంగతి మాత్రం తేటపడింది. జీపును మార్చడంలో దోషం లేదు. పుట్టిన నాటినుంచీ అది మారుతూనే ఉంది. సైనికుడి బండి రైతు బండయింది, ఫిలిప్పీన్స్‌లో బస్సయింది, మన దగ్గర సర్కారయింది. మారిన సంగతి దాచినప్పుడే బేరం చెడింది. 1948లో దేశం కుదుర్చుకున్న బేరం సుమారు 80 లక్షలదే అయినా, అడిగినవాడికి సూటిగా జవాబు రాకపోవడం వల్ల మిగిలిన అనుమానం ఇన్నేళ్ళయినా చరిత్ర పుస్తకాలనుంచి చెరగలేదు.

పాత బండి బాగుచేయడమంటే దాని వయసును చెరిపేయడం కాదని నా మతం. ఎక్కడ విరిగిందో, ఎవరు అతికారో తెలిసిన బండిని కొండమీద నమ్మవచ్చు. మీలో ఎవరి ఊళ్ళోనైనా ఆనాటి బ్లాకు జీపు ఇంకా ఏ షెడ్డులోనో, ఏ మామిడితోటలోనో బతికి ఉంటే, దాని మజిలీలు రాయండి. ఎవరి చేతుల్లో ఏమేమి మారిందో కూడా రాస్తే మరీ సంతోషం.