దెబ్బ కాలికి, ముప్పు కిడ్నీకి

ముదినేపల్లి మీదుగా పోయే పామర్రు–దిగమర్రు జాతీయ రహదారి మీద చేపల లారీలు, వడ్ల ట్రాక్టర్లు రాత్రనక పగలనక తిరుగుతుంటాయి. ట్రాక్టరు తిరగబడి మనిషి తొడ దాని కింద గంటల తరబడి నలిగిందనుకోండి. బయటికి లాగినప్పుడు అతను మాట్లాడుతూనే ఉంటాడు. గండం గడిచిందనుకుంటారు ఇంటివాళ్లు. కాసేపటికి మూత్రం డికాక్షన్ రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత తగ్గిపోతుంది. దెబ్బ తగిలింది కాలికైతే చెడేది కిడ్నీ! ఈ లంకె అర్థం కావడానికి వైద్యులకు రెండు ప్రపంచ యుద్ధాలు పట్టాయి.

1908లో ఇటలీలో మెస్సినా భూకంపం వచ్చినప్పుడే శిథిలాల్లోంచి బతికి బయటపడ్డవాళ్లు తర్వాత చనిపోవడం కొందరు డాక్టర్లు గమనించారు. 1923లో బెర్లిన్‌లో పనిచేస్తున్న జపాన్ వైద్యుడు సెయిగో మినామి, మొదటి ప్రపంచ యుద్ధంలో మట్టిపెళ్లల కింద కూరుకుపోయి చనిపోయిన సైనికుల కిడ్నీలు పరీక్షించి, నలిగిన కండరమే దీనికి మూలమని రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

1941లో లండన్ మీద జర్మన్ బాంబులు కురుస్తుంటే ఎరిక్ బైవాటర్స్, డెస్మండ్ బీల్ నలుగురు క్షతగాత్రుల కథను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. నలుగురూ చనిపోయారు. అసలు సంగతి తర్వాత తేలింది. నలిగిన కండరం నుంచి మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం రక్తంలోకి దిగి కిడ్నీ నాళికలకు అడ్డం పడుతుంది. దాని వెంటే వచ్చే పొటాషియం గుండెను ఆపేయగలదు. కండరం నలగకపోయినా ముప్పు తప్పదు. రక్తం బాగా పోయి బీపీ పడిపోతే కిడ్నీకి రక్తం అందదు. తర్వాత గాయానికి చీము పట్టినా అదే గతి.

అదే యుద్ధకాలంలో, జర్మన్ల చెరలో ఉన్న నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ సాసేజ్ చుట్టడానికి వాడే సెల్లోఫేన్ గొట్టంతో డయాలసిస్ యంత్రం కట్టాడు. 1943లో మొదలుపెడితే, ఒక రోగి దానివల్ల బతికి బయటపడ్డది 1945లో. మన దక్షిణాదిన డయాలసిస్‌కు వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ 1960ల తొలినాళ్లలో దారి వేసింది.

యంత్రం వచ్చింది కదా, కథ సుఖాంతమేగా అనిపిస్తుంది. కాదు. కొరియా యుద్ధంలో అమెరికా సైన్యం వోంజు దగ్గర డయాలసిస్ కేంద్రం పెడితే, కిడ్నీలు ఆగిపోయిన క్షతగాత్రుల్లో చావులు 90 శాతం నుంచి సగం చిల్లరకు దిగాయి. వియత్నాం నాటికి యంత్రాలు మెరుగయ్యాయి గానీ, కిడ్నీలు చెడినవాళ్లలో చావులు మాత్రం తగ్గలేదు. తగ్గింది అసలు కిడ్నీలు చెడినవాళ్ల సంఖ్య. కొరియాలో గాయపడ్డ 200 మందిలో ఒకరికి చెడితే వియత్నాంలో 600 మందిలో ఒకరికి. హెలికాప్టర్లు గాయపడ్డవాళ్లను త్వరగా తేవడం, రక్తం, సెలైన్ వెంటనే ఎక్కించడం ఇందుకు కారణం. 1982లో లెబనాన్‌లోని టైర్‌లో భవనం కూలినప్పుడు ఇజ్రాయెల్ వైద్యులు శిథిలాల కింద ఉన్నవాళ్లకు అక్కడే సెలైన్ మొదలుపెట్టారు. అలా చికిత్స అందిన ఏడుగురిలో ఒక్కరికీ కిడ్నీలు ఆగలేదు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి మలుపు కోల్ఫ్ యంత్రం కాదు, ఆ సెలైన్ సీసా.

ఆ లెక్కన మన ప్రాంతానికి ఒరిగిన పెద్ద మేలు 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం పేదవాడికి పెద్దాసుపత్రి గుమ్మం దాటే ధైర్యం ఇచ్చింది. కానీ దూరం దూరమే. ముదినేపల్లి నుంచి గుడివాడ, అక్కడి నుంచి విజయవాడ. లేదంటే కైకలూరు దాటి కొల్లేటి మీదుగా ఏలూరు. కొల్లేటికి వరదొస్తే ఆ రోడ్డు మీద రాకపోకలు ఆగిపోతాయి. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలవడం సంతోషమే, అయితే ఆ ప్రయాణం ఎవరికీ తప్పలేదు.

ఈ దారి మధ్యలో మనవాళ్లు చేసే పని ఒకటి నాకు మింగుడుపడదు. నొప్పి ఓర్చుకోలేకపోతున్నాడని ఊళ్లోనే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడిపించి పంపడం. రక్తం పోయి ఎండిపోయిన కిడ్నీకి అది రెండో దెబ్బ.

2012లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తక్కువ మూత్రం ఆరు గంటలపాటు వస్తే కిడ్నీకి దెబ్బ తగిలినట్టే. అరవై కిలోల మనిషికి అది ఆరు గంటల్లో 180 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసుడు. రోడ్డు మీద పడ్డవాణ్ణి ఆసుపత్రికి చేరిస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం కూడా వద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది. 108కి ఫోన్ చేయండి, నలిగి ఎంతసేపైందో వచ్చినవాళ్లకు చెప్పండి. ఆసుపత్రిలో ఎక్స్‌రే సంగతితోపాటు మూత్రం ఎంత వచ్చిందో, ఏ రంగులో ఉందో కూడా అడగండి.