ఎక్కడ వేసిన గొంగడి

ఈ చలికాలం నిద్ర సరిగా పట్టక, ఒక మిత్రుని సలహా మీద బరువు దుప్పటి కొన్నాను. లోపల గాజుపూసలు నింపి, గళ్ళు గళ్ళుగా కుట్టిన ఏడు కిలోల దుప్పటి. కప్పుకున్న మొదటి రాత్రే ఆ ఒత్తిడి ఎక్కడో ఎరిగినట్టు తోచింది. నల్లగొండ జిల్లాలోని మా తాత ఊరిలో, వాకిట్లో నులకమంచం మీద, చిన్నతనంలో అటువంటి ఒత్తిడి కిందనే నిద్రపోయేవాణ్ణి. తూకానికి ఇంత లేకున్నా, ఒంటిని వదలకుండా అదిమి పట్టుకునేది తాత గొంగడి.

"ఎక్కడ వేసిన గొంగడి అక్కడే" అని, సాగని పనిని నిందిస్తాము. కాని గాలికి ఎగరక, నిద్రలో దొర్లినా జారక, వేసిన చోటనే ఉండటం గొంగడికి గుణమే గాని దోషం కాదు. ఆరుబయట పడుకునే గొర్రెలకాపరికి కావలసింది అదే.

నల్లగొండ, పాలమూరు మెట్టనేలల్లో వాన తక్కువ, రాళ్ళగుట్టలు ఎక్కువ. ఆ ఎండకూ కరువుకూ తట్టుకున్నది దక్కని గొర్రె. దాని ఉన్ని ముతక, నలుపు. రంగు అద్దే పని లేదు. ఏడాదికి రెండుమార్లు కత్తిరించిన ఉన్నిని కురుమ స్త్రీలు వడికితే, పురుషులు గుంటమగ్గం మీద నేసేవారు. నూలుకు చింతగింజల గంజి పట్టించేవారు. గొంగడికి ఆ బిగువు, ఆ గరుకుదనం కొంత ఉన్నివల్ల, కొంత ఈ గంజివల్ల వచ్చాయి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొని కూడా తడిగా తోచదు. అందుకే ఒక కొసను మడిచి తలకు తొడుక్కుంటే అదే గొడుగు, నేల మీద పరిస్తే అదే పడక. ఎరువు కోసం రైతు చేనులో మంద పెట్టిన రాత్రి కాపరికి ఇల్లూ వాకిలీ అదే.

ఈ నేల చరిత్రలోనూ గొంగడికి చోటుంది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య గొర్రెలు కాచే కురుమల బిడ్డ. కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోనిదే. ఆ పోరాటం మీద 1979లో వచ్చిన 'మా భూమి' చిత్రంలో గద్దర్ గొంగడితోనే కనిపించాడు. తరువాత ఆయన వేదికల మీద ఆ గొంగడే తెలంగాణ పాటకు గుర్తయింది.

పాటలో నిలిచిన గొంగడి ఇళ్ళలో నిలువలేదు. మిల్లు కంబళ్ళు చవకగా వచ్చాయి. మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో చేరాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీపై పంచినప్పుడు, వాటిలో చాలా భాగం పొరుగు రాష్ట్రాలనుంచే తెచ్చారు. కత్తిరింపు కూలి కూడా గిట్టని ఉన్నిని కాపరులు పారవేసే రోజులు వచ్చాయి. ఉన్ని పోతే మగ్గం పోయింది. మగ్గంతో ఆ నేర్పూ పోతున్నది.

ఇప్పుడు ఆ ఒత్తిడికి వైద్యశాస్త్రం తూకం వేస్తున్నది. 2020లో స్వీడన్ పరిశోధకులు, మానసిక వ్యాధులతోపాటు నిద్రలేమితో బాధపడే 120 మందిని రెండు జట్లు చేసి, ఒకరికి ఎనిమిది కిలోల గొలుసు దుప్పటి, మరొకరికి కిలోన్నర తేలిక దుప్పటి ఇచ్చారు. నాలుగు వారాలకు బరువు కప్పుకున్నవారి నిద్రే ఎక్కువ మెరుగుపడింది. పసిపిల్లలకు మాత్రం ఇటువంటివి కప్పరాదని వైద్యుల హెచ్చరిక.

నేను పట్నం చదువుకు వెళ్ళేనాడు తాత తన గొంగడిని మడిచి నా పెట్టె మీద పెట్టాడు. హాస్టల్లో గొర్రెవాసన అని నవ్వారు. మొదటి సెలవులకే తీసుకుపోయి ఇంట్లో పడేశాను. తాత ఏమీ అనలేదు. దులిపి, తన మంచం మీద వేసుకున్నాడు. ఆయన పోయాక అది పశువుల కొట్టం చేరింది, ఆ తరువాత కనిపించలేదు. నాడు ఊరకే ఇచ్చిన దానిని కాదని, నేడు గాజుపూసలకు వేలు పోశాను.

మీ ఇంటి అటక మీద పాత గొంగడి ఉంటే పారవేయకండి. ఒకసారి ఎండలో వేసి, దులిపి, ఈ చలికి కప్పుకొని చూడండి.