ఎవరి హోరు, ఎవరి రికార్డు

రాక్ కచేరీల గురించి మగవాళ్ళు చెప్పుకునే జ్ఞాపకాల్లో ఎప్పుడూ ఒక పోటీ ఉంటుంది. నువ్వు విన్నదానికన్నా నేను విన్నదే పెద్ద మోత అని. మూడు రోజులపాటు చెవుల్లో గుయ్యిమంటూనే ఉందని ఒకరంటారు. గుండెకాయ గొంతులోకొచ్చి కొట్టుకుందని ఇంకొకరంటారు. యుద్ధంలో తగిలిన గాయాల్ని చొక్కా విప్పి చూపించినట్టుంటుంది ఆ ధోరణి. ఈ పోటీకి ఒకప్పుడు గిన్నిస్ పుస్తకం తీర్పు కూడా చెప్పేది. 1972లో లండన్ రెయిన్‌బో థియేటర్లో డీప్ పర్పుల్ బృందం 117 డెసిబెల్స్ మోత మోగించిందనీ, వింటున్నవాళ్ళలో ముగ్గురు స్పృహ తప్పారనీ అది నమోదు చేసింది. తర్వాత 1976 మే 31న అదే నగరంలో, చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో ‘ది హూ’ బృందం ఆ రికార్డుని బద్దలు కొట్టింది. 76,000 వాట్ల ధ్వని పరికరాలు, స్పీకర్లకి 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్. మనుషుల చెవులు పాడుచేసే పోటీని ప్రోత్సహించినట్టవుతుందని గిన్నిస్ వాళ్ళే తర్వాత ఆ విభాగాన్ని ఎత్తేశారు.

ఈ రికార్డులన్నీ యంత్రాలవి, ఆ యంత్రాల వెనక నిలబడ్డ మగవాళ్ళవి. కానీ ఆ యంత్రాలు అంత పెద్దవి కావలసిన అవసరం ఎందుకొచ్చిందని అడిగితే కథ ఇంకోచోట మొదలవుతుంది. అది ఆడపిల్లల గొంతుల దగ్గర.

1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ పాడినప్పుడు 55,600 మంది వచ్చారు. బేస్‌బాల్ మైదానం మధ్యలో వేదిక, దూరంగా గ్యాలరీల్లో జనం. అందులో అధికశాతం పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళ లోపు అమ్మాయిలు. వాక్స్ కంపెనీ ప్రత్యేకంగా తయారుచేసిన 100 వాట్ల ఆంప్లిఫయర్లు గిటార్లకి పెట్టారు. పాడే గొంతులు ఆటల మధ్య ప్రకటనలు చదివే స్టేడియం లౌడ్‌స్పీకర్లలోంచి వచ్చాయి. ఏదీ వినపడలేదు. వినపడిందల్లా కేక. ఆనాటి చిత్రంలో కాపలా పోలీసులు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కనిపిస్తారు. అమ్మాయిలు జుట్టు పీక్కుంటూ, ఏడుస్తూ, కంచెల మీదికి ఎగబాకుతూ, సొమ్మసిల్లి పోలీసుల చేతుల్లో వేలాడుతూ కనిపిస్తారు. తమ వాయిద్యం తమకే వినపడక, ముందున్న ముగ్గురి ఒంటి కదలికలు చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేవాడినని డ్రమ్స్ వాయించిన రింగో స్టార్ తర్వాత చెప్పాడు. ఆ చిత్రాన్ని టీవీలో వేయడానికి ముందు, 1966 జనవరిలో లండన్ స్టూడియోలో కూర్చుని చాలా పాటల్ని మళ్ళీ వాయించి, పాడి అతికించాల్సి వచ్చింది. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో పాడాక వాళ్ళు కచేరీ యాత్రలే మానేశారు.

వాక్స్ వాళ్ళ 100 వాట్ల పెట్టె పుట్టిందే ఈ కేకల మీద గెలవడానికి. అదే కాలంలో ‘ది హూ’ వాళ్ళ కోసం జిమ్ మార్షల్ కూడా 100 వాట్ల ఆంప్లిఫయర్ చేశాడు. వంద వాట్ల నుంచి డెబ్భై ఆరు వేల వాట్లకి పదకొండేళ్ళు పట్టింది. కచేరీలు పెద్ద మైదానాలకి మారడం, కొత్త సాంకేతికత, బృందాల మధ్య పోటీ లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి, కాదనను. కానీ రాక్ చరిత్రలో యంత్రాన్ని మొదట ఓడించింది ఆడపిల్లల గొంతు. రికార్డుల పుస్తకాల్లో దానికి చోటు దొరకలేదు సరికదా, వైద్యపరిభాషలో ఒక జబ్బు పేరు దొరికింది.

ఆ పేరు హిస్టీరియా. గ్రీకు భాషలో గర్భాశయం అనే మాటలోంచి పుట్టింది. మగవాడి చెవిలో మోగితే అది శక్తి, ఆడపిల్ల నోట్లోంచి వస్తే గర్భసంచి వ్యాధి! 1964 ఫిబ్రవరిలో లండన్ పత్రిక ‘న్యూ స్టేట్స్‌మన్’లో పాల్ జాన్సన్ రాసిన వ్యాసం ఈ అమ్మాయిల్ని బుద్ధిలేని, భవిష్యత్తులేని సరుకుగా తీసిపారేసింది. చురుకైన పిల్లలు ఇలాంటివాటికి వెళ్ళరని తేల్చేసింది. అభ్యుదయ పత్రికలో వచ్చిన వ్యాసమిది. ఆశ్చర్యపోవాల్సిందేం లేదు, మన అభ్యుదయ పత్రికల పాత సంచికలు తిరగేసినా ఆడపిల్లల ఇష్టాల మీద ఇలాంటి వెక్కిరింతలు కనిపిస్తాయి.

ఆ కేకని ఇంకోరకంగా వినడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1986లో బార్బరా ఎరెన్‌రైక్, ఎలిజబెత్ హెస్, గ్లోరియా జేకబ్స్ కలిసి రాసిన ‘రీమేకింగ్ లవ్’ పుస్తకంలో దీనిమీద ఒక అధ్యాయం ఉంది. మంచి అమ్మాయిగా ఉండు, నీ శీలానికి నువ్వే కాపలా కాసుకో, చదువయ్యాక పెళ్ళి చేసుకో అని చెప్పే సమాజంలో, వేలమంది అమ్మాయిలు ఒకచోట చేరి అదుపు వదిలెయ్యడం తిరుగుబాటేనని వాళ్ళ వాదన. ఇంకా ముఖ్యమైన మాట ఒకటుంది. ఆ అమ్మాయిల్లో చాలామందికి కావలసింది బీటిల్స్‌ని పెళ్ళాడటం కాదు, బీటిల్స్‌లా ఉండటం. ఆ స్వేచ్ఛ, ఆ అల్లరి తమకీ కావాలనుకోవడం. స్త్రీల లైంగిక విప్లవానికి ఇదే తొలి పెద్ద కుదుపు అన్నంతదాకా వాళ్ళు వెళ్ళడం నాకు కొంచెం ఎక్కువనిపిస్తుంది. అందరు అమ్మాయిల కేకా ఒకటి కాదు కదా. 1964 సెప్టెంబర్ 11న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెడితే పాడమని బీటిల్స్ చెప్పిన తర్వాత జరిగిన కచేరీకి కిటీ ఆలివర్ వెళ్ళింది. తర్వాత మౌఖిక చరిత్రకారిణి అయిన ఆమె అప్పటికి ఒక నల్లజాతి టీనేజ్ పిల్ల. చుట్టూ తెల్లవాళ్ళే. వాళ్ళ పక్కన భుజం భుజం తగిలేలా కూర్చోవడం ఆమెకి అదే మొదటిసారి. భయంగా లోపలికి వెళ్ళిన పిల్ల వాళ్ళతో కలిసి గొంతెత్తింది. ఆ గొంతులో శీలం గురించిన తిరుగుబాటుతోపాటు ఇంకేం కలిసుందో ఊహించండి.

ఇదంతా చదివి తెలుసుకున్నది. ఒంటితో తెలిసింది మాత్రం 2007 మార్చి 17న, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. ఐరన్ మెయిడెన్ బృందం మనదేశంలో మొదటిసారి వాయించిన రోజది. మా అక్క కూతురు ఇంజనీరింగ్ చదువుతుండేది. నల్ల టీషర్టు వేసుకుని, ఒంటరిగా పంపరు కాబట్టి నన్ను తోడు తీసుకెళ్ళింది. కనుచూపుమేరా మగపిల్లలే. ముందు వరసల్లో భుజాలు కలిపి ఒకరిమీద ఒకరు పడుతూ తలలూపుతున్నారు, ఆడపిల్లలు ఐదారుగురు చొప్పున అంచుల్లో నిలబడ్డారు. మొదటి దెబ్బ చెవికి కాదు, పొత్తికడుపుకి తగిలింది. నేల కాళ్ళలోంచి పైకి ఎక్కింది. “పిన్నీ, ఊరికే నిలబడతావేం, అరువు!” అని అది నా చెవిలో నోరు పెట్టి అరిచింది. క్లాసులో మైకు లేకుండా డెబ్భైమందికి పాఠం చెప్పే గొంతు నాది. అయినా రాలేదు. ఆడదాని గొంతు గడప దాటకూడదని చిన్నప్పుడు పడిన కట్టు అంత గట్టిది. మనవైపు ఆడది గొంతు చించుకోవాలంటే బోనాల్లో శిగమైనా ఊగాలి, ఇంట్లోంచి శవమైనా లేవాలి. దేవతో చావో అనుమతివ్వాలి. షే స్టేడియం అమ్మాయిలకి ఆ అనుమతి నలుగురు కుర్రాళ్ళ పేరు మీద దొరికిందనిపించింది. నాకు నాలుగో పాటకో ఐదో పాటకో దొరికింది. నా అరుపు నాకే వినపడనంత మోతలో అరవడం ఎంత సుఖమో ఇక్కడ రాయలేను. అమెరికాలో 1990ల మొదట్లో బికినీ కిల్ బృందం గాయని కేథ్లీన్ హానా కచేరీల్లో ఆడపిల్లల్ని ముందుకి రమ్మని, మగపిల్లల్ని వెనక్కి జరగమని ఎందుకు పట్టుబట్టేదో కూడా ఆ రాత్రి అంచులో నిలబడ్డాకే తెలిసింది.

తర్వాత రెండు రోజులు చెవుల్లో ఈలపురుగు కూసింది. ఇదీ చెప్పుకోవాలి. డెసిబెల్స్ మామూలు కూడికల్లా పెరగవు, మూడు పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపు. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చనుకుంటే 100లో పావుగంట, 115లో అర నిమిషం. ఆ లెక్కన 126 దగ్గర పాట పల్లవి కూడా పూర్తి కాదు. ఈ నష్టాన్ని పతకంలా కాక నష్టంలాగే చూసి, బయటికి చెప్పినవాళ్ళలో ముందున్నది ఒక స్త్రీ. శాన్‌ఫ్రాన్సిస్కోలో అందరూ ఆడవాళ్ళే ఉన్న ‘కాంట్రాక్షన్స్’ అనే పంక్ బృందంలో బేస్ గిటార్ వాయించిన కేథీ పెక్. 1984లో ఓక్లాండ్‌లో డురాన్ డురాన్ కచేరీకి ముందు వాయించి వచ్చాక ఆమె చెవుల్లో మోత ఆగలేదు, వినికిడి దెబ్బతింది. 1988లో ఒక డాక్టరుతో కలిసి ‘హియర్’ అనే సంస్థ పెట్టి, సంగీతకారులకి చెవి పరీక్షల గురించీ, చెవిలో పెట్టుకునే ప్లగ్గుల గురించీ చెప్పడం మొదలుపెట్టింది. 126 డెసిబెల్స్ రికార్డు కొట్టిన ‘ది హూ’ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన చెవులూ పోయాయని ఒప్పుకుని ఆ సంస్థకి డబ్బిచ్చాడు. కచేరీల్లో సగటు మోత 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం పెట్టింది మాత్రం 2022లో.

కేకల సంగతికొస్తే, వాటి రికార్డు అసలు లేకుండా పోలేదు. 1964లోనూ 1965లోనూ లాస్ ఏంజెలస్ హాలీవుడ్ బౌల్‌లో బీటిల్స్ కచేరీల్ని మూడు ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. జెట్ విమానం తోక దగ్గర మైకు పెట్టినట్టుందని వాళ్ళ నిర్మాత జార్జ్ మార్టిన్ ఆ టేపుల్ని పక్కన పడేశాడు. 1977లో అవి కేకలతో సహా రికార్డుగా వచ్చాయి. 2016లో ఆయన కొడుకు జైల్స్ మార్టిన్ కొత్త సాంకేతికతతో శబ్దాల్ని విడదీసి, అమ్మాయిల గొంతులు తగ్గించి, వాయిద్యాల్ని పైకి తెచ్చి మళ్ళీ విడుదల చేశాడు. బాగుందని అందరూ మెచ్చుకున్నారు. పాట నిజంగానే బాగా వినపడుతుంది. అదే ఏడాది వచ్చిన రాన్ హొవార్డ్ డాక్యుమెంటరీ కోసం పాత ఫిల్ములు వెతుకుతుంటే, 1964 నాటి హాలీవుడ్ బౌల్ జనంలో తర్వాత నటి అయిన సిగోర్నీ వీవర్ ముఖం దొరికింది. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు. ముఖాన్నయితే పోల్చుకోగలిగారు. టేపులో ఆమె గొంతు ఏదో తెలిసే దారి లేదు. మిగతా వేలమందితోపాటు అది కూడా ఆ తగ్గించిన చప్పుడులోనే ఉంది.